బొగ్గు మీద బతుకులు

2024 ఫిబ్రవరి 11, వడ్డేపల్లి

పత్తి కట్టె పీకడం అయిపోయింది. గట్ల మీద ఎక్కడ చూసినా కుప్పలు తగలబడుతున్నాయి. గులాబీ రంగు పురుగు కట్టెకు మిగిలిన కాయల్లో దాక్కుంటుంది కాబట్టి చేలో ఉంచకపోవడం మంచిదే. అంత కట్టే బూడిదైపోతుంటే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. మేం గొయ్యి తీసి కొద్దికొద్దిగా వేశాం. పై కట్టె మీద బూడిద తెల్లబడగానే ఇంకో పొర. పైన మంట లేస్తున్నంతసేపు అడుగుకు గాలి అందదు, కట్టె బొగ్గవుతుంది. చివర్లో నీళ్లు కుమ్మరించాం. సగం బొగ్గును ఉత్త నీళ్లలో, సగం జీవామృతంలో నానేశాం.

మార్చి 10

నానేసిన బొగ్గు రంధ్రాల్లో జీవులు చేరాయేమో చూద్దామని ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టాం. కటిక నలుపు. అడుగు నుంచి వచ్చే వెలుతురు దాన్ని దాటదు. రంధ్రాల గోడలు చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి, లేదా రంగు పట్టించి చూసే ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు. ఆ రంగునూ బొగ్గు పీల్చేసుకుంటుంది, అదొక చిక్కు. అందుకే ముక్కను నీళ్లలో బాగా కుదిపి, ఆ చుక్కను 400 రెట్లలో చూశాం.

"అన్నీ కదులుతున్నయ్ చెల్లే!" అన్నాడు అన్న, ఉత్త నీళ్ల బొగ్గు చూసి.

"అది బొగ్గు దుమ్మన్నా. ఉన్నచోటే వణుకుతుంది చూడు."

1827లో రాబర్ట్ బ్రౌన్ పుప్పొడిలోని రేణువుల్లో గమనించిన వణుకే ఇది. ప్రాణం లేని దుమ్ముకూ ఉంటుంది. జీవామృతం చుక్కలో కొన్ని తోవ పట్టి ఈదాయి, ఆగాయి, పక్కకు తిరిగాయి. అవి జీవులు. కదలని బాక్టీరియాను దుమ్ము నుంచి విడదీయడం మా పరికరంతో కాదు. అందుకే లెక్కలు రాసుకోలేదు.

జూలై 21

వానలు పడ్డాక, ఎర్ర చెలకలో పత్తి వేళ్ల పక్కన పాతిన బొగ్గు తీశాం. ముక్క అంచున బూజు పోగులు! బొగ్గు లోపలికి దిగుతున్నట్టున్నాయి. ఎంతసేపు చూశానో.

"బొగ్గు తిని బతుకుతాయా ఇవి?" అన్నాడు అన్న.

తినడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. తేమ, పోషకాలు పట్టి ఉంచే ఇల్లది. బాక్టీరియా మైక్రాన్ అటూఇటూ ఉంటుంది. సన్న రంధ్రంలో దూరితే, దాన్ని తినే పెద్ద ప్రోటోజోవా వెంటపడలేదు. నానబెట్టని పచ్చి బొగ్గు చల్లితే మాత్రం నేలలోని నత్రజనిని కొంతకాలం తానే పట్టుకుంటుంది.

ఇవన్నీ దిగుబడికి సాక్ష్యం కావు. వచ్చే ఏడు కూడా నానబెట్టిన బొగ్గే, ముందు ఎర్ర చెలకకే. మన బొగ్గుకు క్షారగుణం ఉంది, సున్నం ఎక్కువున్న రేగడికి వద్దు.