కాలువ మీద ఒక రోజు

జహీరాబాదు ప్రాంతంలో పుట్టి పెరిగిన మాకు నీళ్ళంటే బోరులో పడే నీళ్ళే. అల్లం వేసినా, ఆలుగడ్డ వేసినా, ఎర్రని చెలకలో జొన్న విత్తినా మా కళ్ళు మబ్బు వైపే ఉంటాయి. అటువంటి మేము మొన్న సంక్రాంతి సెలవులకు రాజమండ్రి దగ్గర ఉన్న మా అమ్మాయి అత్తవారింటికి వెళ్ళాము.

నా మనసులో మాత్రం ఒక బరువు ఉన్నది. నాకూ మా తమ్మునికీ ఒకే బోరు. అది నా వాటాలో ఉన్నది. రెండేండ్ల క్రితం నీరు తగ్గినప్పుడు ముందు నా అల్లం తడుపుకున్నాను. వాని చేను ఎండిపోయింది. నాటి నుండి మా ఇద్దరికీ మాటలు లేవు.

మా వియ్యంకుడుగారు ఒక చిన్న పడవ మాట్లాడారు. ధవళేశ్వరం దిగువన పొద్దున్నే ఎక్కాము. ముందుగా ఆనకట్టను, సర్ ఆర్థర్ కాటన్ పేరిట ఉన్న మ్యూజియమును చూచాము. ఒకప్పుడు నది పక్కనే పారుతున్నా ఈ సీమ ప్రజలు కరువుతో అల్లాడారు. 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఎందరో కూలీల చెమటతో కాలువలు పారాయి. కరువు రోజుల్లో పని చూపి అన్నం పెట్టి కట్టించిన మా మెదకు చర్చి నాకు గుర్తుకు వచ్చింది.

పడవ తొందర లేకుండా సాగింది. వేమగిరి దాటి కడియం చేరేసరికి ఇరువైపులా పూల నర్సరీలే. కడియం లాకుల దగ్గర ఆగాము. లాకు అంటే రెండు జతల తలుపుల నడుమ ఉన్న తొట్టి వంటిది. పడవ లోనికి వచ్చాక వెనుక తలుపులు మూసి, నీటిని మెల్లగా వదిలితే పడవ కూడా దిగువ మట్టానికి దిగుతుంది. మేము మాత్రం అక్కడ దిగి, గట్టు మీద నడిచి, అవతల ఇంకొక పడవ ఎక్కి మండపేట వైపు సాగాము.

దారిలో పాత బియ్యం మిల్లొకటి కనిపించింది. రేకులు తుప్పు పట్టాయి, పొగగొట్టం మీద రావి మొక్క మొలిచింది. పడవ నడిపే ముసలాయన దానిని చూపిస్తూ, "ఆయ్, మా నాన్న ఈ కాలువలోనే ధాన్యం తెచ్చేవోడండి. గాలి లేనప్పుడు తాడు భుజాన వేసుకుని గట్టెంట లాగేవోరు. లారీలొచ్చాక పడవలు పోయినాయండి" అన్నాడు.

"మీకేమి తాతా, నీళ్ళకు కొదువ లేదు" అన్నాను.

ఆయన నవ్వాడు. "అదేం మాటండి? దాళ్వాకి నీరు చాలని ఏడు మాకూ వంతులేనండి. ఎగువోళ్ళు తూము దించితేనే శివారోళ్ళకి చుక్క అందేది. అంత గోదారి ఉన్నా, దించే చెయ్యి కావాలండి."

ఆ మాట సూటిగా నాకే తగిలింది. ఇంత నీరున్న చోటనే వంతులు పాటిస్తుంటే, చెంబెడు నీటిని నేను ఒక్కడినే పట్టుకుని కూర్చున్నాను. బావుల కోసం గెరారు కాపరులు జగడమాడినప్పుడు ఇస్సాకు వదులుకుని వెళ్ళిన సంగతి చిన్నప్పటి నుండి వింటూనే ఉన్నాను. కాని నా బోరు దగ్గర అది నాకు జ్ఞాపకం రాలేదు.

పొద్దు వాలే వేళకు మండపేట మిల్లుల నుండి ఉడికిన ధాన్యపు వాసన వచ్చింది. మా ఆవిడ "ఎందుకు మాట్లాడరు?" అని అడిగింది. "ఊరికి పోయి చెప్తాను" అన్నాను.

ఇంటికి చేరిన మరునాడు తమ్ముని గడప తొక్కాను. వాడు కొంతసేపు తలెత్తలేదు. "రేపటి నుండి ఒక రోజు నీకు, ఒక రోజు నాకు. మొదటి వంతు నీదే" అన్నాను. మరదలు లోపలి నుండి రెండు గ్లాసులతో చాయ్ తెచ్చింది.

తెల్లవారి నేనే వెళ్ళి వాని మడి వైపు వాల్వు తిప్పాను.