బీరువా – రిజిస్టరు – పుస్తకం

గ్రంథాలయాలలో స్టాకు తనిఖీ అనే కార్యక్రమం ఒకటి ఉన్నది. యాక్సెషన్ రిజిస్టరు ముందు పెట్టుకుని ఒకరు నెంబరు చదువుతారు. మరొకరు అరల ముందు నిలిచి “ఉన్నది”, “లేదు” అని జవాబు చెబుతారు. రిజిస్టరులో ఉండి అరలో లేని పుస్తకం, అరలో ఉండి రిజిస్టరుకెక్కని పుస్తకం, ఒకే నెంబరు వేసుకున్న రెండు పుస్తకాలు – ఇవన్నీ ఆ రోజున బయటపడతాయి. అయితే తనిఖీ చేసేవారు ఏ పుస్తకాన్నీ తెరచి చదవరు. లోపలి పుటలు చిరిగినవా, చెదలు తిన్నవా అనే ప్రశ్న వారి పనిలోకి రాదు. లెక్క సరిపోతే చాలు, సంతకం చేస్తారు.

కంప్యూటరులో సమాచారాన్ని భద్రపరిచే విధానం గురించి ఆలోచించినప్పుడల్లా మాకు ఈ తనిఖీయే గుర్తుకు వస్తుంది. మేము తెలుగు అధ్యాపకులం. యంత్రశాస్త్రం మా చదువు కాదు. కాని కళాశాల పాత వార్షిక సంచికల పుటలను స్కాను చేసి దాచిన సర్వరును కనిపెట్టి ఉండే బాధ్యత మాపై పడినందువల్ల, దానికి జబ్బు చేసినప్పుడు నాడి చూడటం కొంత నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకున్నది నలుగురికీ ఉపయోగపడగలదనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా బీరువా సంగతి. సర్వరులోని డిస్కు తిరిగే యంత్రం. తిరిగేది ఏదైనా ఒకనాటికి ఆగక తప్పదు. కావున ఒకే డిస్కును నమ్ముకోకుండా కొన్నింటిని జట్టుగా కట్టే పద్ధతి ఏర్పడింది. అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కట్జ్ అనే ముగ్గురు 1988లో ప్రకటించిన వ్యాసంతో ఈ పద్ధతికి ‘రెయిడ్’ అనే పేరు స్థిరపడింది. ఖరీదైన పెద్ద డిస్కు ఒక్కదానికి బదులు చౌకగా దొరికే చిన్న డిస్కులు అనేకం చేర్చి వాడటం, అందులో ఒకటి చెడినా పని ఆగకుండా చూడటం వారి ఆలోచనలోని సారం.

ఒకటి పోతే దానిలోని సమాచారం తిరిగి ఎలా వస్తుంది? ఒక విద్యార్థికి మూడు పేపర్లలో 40, 35, 25 మార్కులు వచ్చాయనుకుందాము. మొత్తం 100. ఈ నాలుగు అంకెలను నాలుగు చోట్ల వ్రాసి ఉంచితే, ఏ ఒక్కటి చెరిగిపోయినా మిగిలిన మూడింటి నుంచి దానిని రాబట్టవచ్చు. రెండు చెరిగితే మాత్రం ఎవరి తరమూ కాదు. ‘రెయిడ్ 5’ అనే రకం చేసే పని ఇదే. కూడికకు బదులు సున్నలు, ఒకట్ల మీద మరొక తరహా లెక్క వేస్తుంది, అంతే భేదం. ఇందులో ఇంకొక చిక్కు ఉన్నది. ఒక అంకె చెరిగిపోక తప్పుగా మారితే, మొత్తం సరిపడటం లేదని తెలుస్తుంది గాని, నాలుగింటిలో తప్పినది ఏదో ఆ లెక్క చెప్పలేదు. వ్రాత మధ్యలో కరెంటు పోయినప్పుడు ఇటువంటి తేడా రావచ్చు.

ఇక రిజిస్టరు. డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో తెలిపే ఏర్పాటును ఫైల్ సిస్టం అంటారు. మా సర్వరు లినక్స్ మీద నడుస్తుంది. అందులోని ఏర్పాటు పేరు ఈ.ఎక్స్.టి.4. ప్రతి ఫైలుకూ అందులో ఒక నెంబరు ఉంటుంది. దానిని ఐనోడ్ అంటారు. అది మన యాక్సెషన్ నెంబరు వంటిదే. ఫైలు పేరు ఐనోడ్‌లో ఉండదు. డైరెక్టరీ అనే క్యాటలాగు కార్డులో ఉంటుంది. పాత వ్యాపారులు ఆవర్జాకు ఎక్కించే ముందు చిట్టాలో వ్రాసుకున్నట్లే, ఈ పద్ధతి కూడా రిజిస్టరులో చేయబోయే మార్పులను ముందుగా జర్నల్ అనే చిట్టాలో వ్రాసుకుంటుంది. కరెంటు హఠాత్తుగా పోతే, తిరిగి వచ్చిన వెంటనే చిట్టా చూసి మిగిలిన పద్దులు సరిచేసుకుంటుంది. అందువల్ల సాధారణంగా మనకు ఏ కష్టమూ తెలియదు.

చిట్టాతో సర్దుకోనప్పుడు చేసేదే ఫైల్ సిస్టం చెక్. అది ఐదు అంచెలలో సాగుతుంది. మొదటి అంచెలో ప్రతి ఐనోడ్‌నూ చూసి, ఒకే స్థలాన్ని ఇద్దరు తమదంటున్నారేమో పరిశీలిస్తుంది. రెండవ అంచెలో క్యాటలాగు కార్డులు, మూడవ అంచెలో ప్రతి డైరెక్టరీకీ మొదటినుంచి దారి ఉన్నదా లేదా అనేది, నాలుగవ అంచెలో ఒక్కొక్క ఐనోడ్‌కు ఎన్ని కార్డులున్నవి అనేది, ఐదవ అంచెలో ఖాళీ స్థలాల లెక్క. కార్డు లేని ఫైలు దొరికితే ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అనే అరలో, పేరు లేకుండా నెంబరు మాత్రం వేసి పడవేస్తుంది. ఇంత శ్రమపడే ఈ తనిఖీ కూడా మన స్టాకు తనిఖీ వంటిదే. పుస్తకం తెరచి చదవదు.

ఒక వేసవిలో కరెంటు అనేకసార్లు పోయి వచ్చిన ఒక దినాన మా సర్వరు మొదలు కాలేదు. అనుకోని వైరుధ్యం కనబడినదనీ, తనిఖీని మనుష్యులే దగ్గరుండి నడిపించాలనీ తెర మీద సందేశం నిలిచింది. ప్రక్కన ఉన్న విద్యార్థి ఒకడు, “సార్, అడిగిన ప్రతిదానికీ ‘వై’ కొట్టేద్దాం సార్, అదే బాగు చేసుకుంటుంది” అన్నాడు. “ఆగు బాబూ, బీరువా కాళ్లు విరిగి ఒరిగి ఉంటే, ముందు రిజిస్టరు దిద్దుతామా?” అన్నాము.

ఈ వ్యవహారంలో క్రమమే ప్రాణం. క్రింది నుంచి పైకి రావాలి. మొదట కరెంటు, తీగలు, తరువాత ఒక్కొక్క డిస్కు ఆరోగ్యం, తరువాత రెయిడ్ జట్టు, ఆ పైన ఫైల్ సిస్టం, చివరకు ఫైళ్లు. డిస్కు తప్పుగా చదివి ఇస్తున్నప్పుడు తనిఖీని నడిపిస్తే, ఆ తప్పునే నిజమని నమ్మి, సరిగా ఉన్న పద్దులను కూడా ‘దిద్ది’ పాడుచేయగలదు. దిద్దిన దానిని వెనుకకు తీసుకోవడం చాలా కష్టం.

జట్టు స్థితి చూపించే చోట నాలుగు ‘యు’ అక్షరాలు ఉండవలసినది, మూడు అక్షరాలూ ఒక గీతా ఉన్నవి. అంటే నాలుగు డిస్కులలో ఒకటి జట్టు నుంచి జారిపోయింది. మిగిలిన మూడింటిలో ఒకదానిలో చదవలేని భాగాలు కొన్ని ఉన్నట్లు దాని ఆరోగ్య పట్టిక తెలిపింది. ఇటువంటప్పుడు కొత్త డిస్కు పెట్టి వెంటనే జట్టును పునర్నిర్మించబోవడం ప్రమాదకరం. ఆ పనిలో మిగిలిన మూడు డిస్కులనూ ఆసాంతం చదవవలసి ఉంటుంది. నీరసించిన డిస్కు ఆ భారానికే కూలిపోవచ్చు. జారిపోయిన డిస్కును బలవంతంగా తిరిగి చేర్చడమూ తగదు. దానిలో ఉన్నది పాత లెక్క.

కంప్యూటరు విద్యలో ఆరితేరిన మా పూర్వ విద్యార్థి ఒకరు అడిగిన వెంటనే వచ్చారు. ఆ మూడు డిస్కులకూ కొత్త డిస్కుల మీద ప్రతులు తీశారు. చదవలేని చోట్లను ముందు దాటవేసి, చివర మళ్లీ మళ్లీ ప్రయత్నించే సాధనం ఒకటి ఉన్నది, దానితో తీశారు. మూలాలను ప్రక్కన పెట్టి, ప్రతులతోనే జట్టు కట్టారు. మొదట ఏమీ మార్చకుండా చూసి చెప్పడానికి మాత్రమే తనిఖీని నడిపారు. ఆ జాబితా అంతా చదివిన తరువాతనే దిద్దుబాటుకు అనుమతించారు.

క్యాటలాగు డ్రాయరు ఒకటి ధ్వంసమైనట్లుగా, ఒక డైరెక్టరీ పోయింది. అందులోని పుటలన్నీ ‘లాస్ట్ అండ్ ఫౌండ్’లో నెంబర్లతో తేలినవి. విద్యార్థులు కూర్చుని ఒక్కొక్కటే తెరచి, ఇది ఫలానా సంవత్సరం, ఫలానా పుట అని గుర్తించి పేర్లు పెట్టారు. తరువాత తనిఖీని మరల నడిపితే ‘0’ వచ్చింది. తప్పులేవీ లేవని దాని అర్థం.

రిజిస్టరులో తప్పులు లేవు. పుస్తకాలలో ఉన్నవి. ఒక సంచికలోని ఉర్దూ విభాగంలో కొన్ని పుటలు సగం వరకు అక్షరాలు, ఆ క్రింద బూడిద రంగు పట్టీ. కాతిబ్ చేతివ్రాతతో అచ్చయిన పుటలవి. ఆ సంచిక కాగితపు ప్రతిని అంతకు ముందే చెదలు తిన్నవి. ఆ పుటలు ఇంతవరకు దొరకలేదు.

ఉర్దూ చదివేవారికి ఒక చుక్క విలువ తెలుసు. అక్షరం మీద ఉండవలసిన చుక్క క్రిందికి దిగితే ‘ఖుదా’ కాస్తా ‘జుదా’ అవుతుంది. తెలుగులోనూ అంతే; ‘మది’కి ఒక సున్న చేరితే ‘మంది’. అటువంటి మార్పు ఫైలులో జరిగితే ఫైల్ సిస్టం చెక్‌కు తెలియదు. రెయిడ్‌కు అసలే పట్టదు. మంచి వ్రాసినా చెడు వ్రాసినా, చెరిపివేయమన్నా, అది నమ్మకంగా అన్ని డిస్కుల మీదా అమలు జరుపుతుంది. డిస్కు చెడినప్పుడు పని ఆగకుండా చూడటమే దాని వ్రతం. అది రెండవ ప్రతి కాదు.

రెండవ ప్రతి అంటే ఏమిటో మన పెద్దలకు తెలుసు. రంజాన్ నెలలో తరావీహ్ నమాజులో ఒక హాఫిజ్ ఖురాన్ పఠిస్తుంటే, వెనుక మరొక హాఫిజ్ ఆలకిస్తూ, ఎక్కడైనా తడబడితే అందిస్తారు. ఇద్దరి గుండెలలోనూ గ్రంథం విడివిడిగా ఉన్నది. అది ఏటేటా ఆసాంతం పఠించబడుతున్నది. వేద పండితులు పదాలను ముందుకూ వెనుకకూ కలిపి వల్లించే ఘనపాఠంలోనూ ఈ జాగ్రత్తయే కనిపిస్తుంది. విడిగా ఉండటం, తెరచి చదవటం – భద్రత అంటే ఈ రెండే.

ఇప్పుడు కొత్త డిస్కులతో సర్వరు నడుస్తున్నది. అయితే కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటి ఉన్నది. ఆ గదిలోని యంత్రానికి తోడు మరొక భవనంలో ఒక ప్రతి, వేరొక ఊరిలో ఇంకొక ప్రతి ఉంచే ఏర్పాటు మంజూరు చేయవలెను. అందుకు కావలసినది కొద్దిపాటి డిస్కులు, ఏటా రెండుసార్లు శ్రమపడే మనిషి. ఆ మనిషి ప్రతి తీసి ఊరుకోకుండా, కొన్ని ఫైళ్లను తెరచి చదివి సంతకం చేయాలి.

విద్యార్థులారా, మీ ఇళ్లలో తండ్రులవి, తాతలవి ట్రంకుపెట్టెలు ఉంటాయి. కుడి నుంచి ఉర్దూ, ఎడమ నుంచి తెలుగు మొదలై మధ్యలో కలుసుకునే మన పాత సంచిక అందులో ఒక్కటి కనిపించినా తీసుకురండి. స్కాను చేసుకుని, అట్ట కట్టించి, మళ్లీ మీ చేతికే ఇస్తాము. ఆ సగం పుటలు ఎవరి ఇంట్లోనో నిండుగా ఉన్నవనే మా నమ్మకం.