బండి యేల యాగినది?

మా యింట 1986లో మా నాయనగారు కొనిన అంబాసిడర్ కారొకటి కలదు. ఆ జాతి బండ్ల తయారు 2014లోనే నిలిచిపోయినది. అయినను దానిని అమ్మివేయుటకు మాకు మనసొప్పలేదు.

ఒక వైశాఖమున మా కుమార్తె దానిని నడుపుచుండగా, రాజమహేంద్రవరమునుండి కాకినాడకు బోవు త్రోవలో, ద్వారపూడి దాటగనే బండి రెండు మాఱులు దగ్గినట్లు కుదిపి యాగిపోయినది. వెనుకసీటులో మా మేనత్తగా రుండిరి. ఆమెకు ఆనాడు పదిగంటలకు కంటి శస్త్రచికిత్స జరుగవలసియుండెను. అరగంటకు బండి యేమియు నెఱుగనట్లు కదలినది. మఱి రెండుచోట్ల నట్లే యాగినది. ఆసుపత్రి చేరునప్పటికి వైద్యులు వెడలిపోయిరి. చికిత్స మూడువారములు వెనుకబడినది.

ఆ సాయంకాలము మా వసారాలోనే తీర్పు జరిగినది. ఆడపిల్లకు బండి యిచ్చిన నింతియే యని యొకరనిరి. దిష్టి తగిలినదని మఱియొకరు నిమ్మకాయలు కట్టించిరి. స్త్రీవిద్యనుగూర్చి సభలలో మాటలాడిన మేము నోరు మెదపలేదు సరికదా, మఱునాటినుండి తాళపుచెవిని మా జేబులో నుంచుకొంటిమి.

మెకానిక్కు వచ్చి ప్లగ్గులు మార్చెను, పెట్రోలుపంపు మార్చెను, కార్బురేటరు కడిగెను. దేనిని మార్చినను ముందు పరీక్షించినది లేదు. పదిదినములు గడవకముందే, మేము నడుపుచుండగా బండి మరల నాగినది. ఈ సంగతి యింటిలో చెప్పమైతిమి.

“ఆగినప్పుడే చూడవలెను నాన్నగారూ! చల్లారిన పిమ్మట నేమి కనబడును?” అని మా కుమార్తె యనెను. అప్పటికామె పాయింట్ల సందును అంగుళములో వేయింట పదునైదవ వంతుగా సరిచేసి, కండెన్సరును మార్చి చూచియుండెను, గుణము కనబడలేదు. మఱునాడు మధ్యాహ్నపుటెండలో మమ్ము వెంట గొనిపోయి, బండి యాగువఱకు నడిపినది. ఆగగనే ప్లగ్గుతీగ నూడదీసి, వేఱొక ప్లగ్గునకు తగిలించి, రబ్బరుపిడి పటకారుతో దానిని ఇంజను ఇనుమున కానించి, మమ్ము స్టార్టరు త్రిప్పుమనెను. నీలివన్నె రవ్వ చురుకుగా పడినచో, ఎండకు పెట్రోలు గొట్టములోనే యావిరియై పంపునకు చిక్కలేదని యనుమానింపవచ్చును. మాకు రవ్వయే లేదు. పెట్రోలుమీది నేరము కొట్టుపోయినది.

ఇక మిగిలినది కాయిలు. బ్యాటరీ యిచ్చు 12 వోల్టులను వేలకొలది వోల్టులుగా పెంచునది యిదియే. దానిలో మొద్దుతీగ చుట్టొకటి, వెండ్రుకవంటి సన్నతీగ చుట్టొకటి యుండును. పాయింట్లు విడివడిన క్షణమున మొద్దుచుట్టులోని ప్రవాహము తెగి, సన్నచుట్టులో పెనువోల్టు పుట్టును. మీటరు పెట్టి చూడగా మొద్దుచుట్టు యథాప్రకారము మూడు ఓముల చేరువనే చూపినది. చల్లగా నున్నప్పుడు వేలకొలది ఓములు చూపిన సన్నచుట్టు మాత్రము తెగినట్లు చూపినది. లోపల నెక్కడనో చిట్లిన తీగ వేడికి విడివడుచు, చల్లారిన గలియుచుండెనన్నమాట. ఆమె కాయిలుపై తడిగుడ్డ చుట్టినది. పది నిమిషములలో బండి కదలినది.

1888 ఆగస్టులో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను నిల్లాలు భర్తకు చెప్పకయే, ఆయన నిర్మించిన మోటారుబండిలో ఇరువురు కుమారులతో మాన్‌హైమునుండి ఫోర్ట్స్‌హైమునకు పోయినది. త్రోవలో ఇంధనపుగొట్టము పూడుకొనగా టోపీసూదితో తెఱచినదనియు, రవ్వతీగ యొరసికొనిపోగా మేజోడుపట్టీ చుట్టినదనియు చెప్పుదురు. మా వసారా న్యాయాధిపతులకు ఈ కథ తెలియదు. మాకు తెలిసియుండియు నేమి లాభము?

క్రొత్తకాయిలు బిగించుటకు పావుగంట పట్టినది. మూడువారములు నిండిన దినమున మా కుమార్తెయే బండి నడిపినది. మేనత్తగారు ముందుసీటులోను, మేము వెనుకను కూర్చుంటిమి. ద్వారపూడి దాటునప్పుడు, మా చేతిలోను బండి యాగిన సంగతి ఆమెతో చెప్పితిమి. ఆమె చాలసేపు పలుకలేదు.

“మఱి ఆనాడే యేల చెప్పలేదురా?” అని మాత్రమడిగెను.