అరకు పొడి... ఇంటి ఫిల్టరు!

విశాఖ నుంచి ఘాట్‌రోడ్డు మీదుగా వంద కిలోమీటర్లు దాటి వెళితే అరకు లోయ. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. చలికాలంలో గిరిజన రైతులు ఎర్రగా పండినవాటినే ఏరి కోస్తారు. పచ్చికాయలు కలిస్తే రుచి పోతుంది, ధరా పడిపోతుంది. ఇక్కడి అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపూ దక్కింది.

అంత కష్టపడి పండించిన కాఫీని ఇంటికి తెచ్చి పాడుచేయకూడదుగా! చికోరీ కలపని పొడే అడగండి. ఫిల్టర్‌లో వేసి తేలిగ్గా అదిమి, మరిగించి దించిన నీళ్లు పోసి పావుగంట ఆగండి. డికాక్షన్‌ని మళ్లీ మరిగిస్తే చేదెక్కుతుంది. వేడి పాలు కలిపితే చాలు. ఆఫీసుకైతే డికాక్షన్‌ని చిన్న సీసాలో పట్టుకెళ్లి, అక్కడే పాలు కాచి కలుపుకోండి. కొండమీద ఒక్కో పండూ ఏరిన చేతులకు మనమిచ్చే మర్యాద అదే.