పాల పుస్తకం

మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు 1988 మోటారు వాహనాల చట్టం తక్కువేమీ ఇవ్వలేదు. ప్రమాణం మీద సాక్ష్యం తీసుకోవడానికి, సాక్షుల్ని రప్పించడానికి, కాగితాలు తెప్పించడానికి 169వ సెక్షన్ కింద సివిల్ కోర్టు అధికారాలున్నాయి. లారీ ఏ రాష్ట్రంలో గుద్దినా, బాధితులు తాము ఉండేచోటే ఓ.పి. (పరిహారం పిటిషన్) వేసుకోవచ్చు. ఇవన్నీ చదువుకునే నల్లకోటు వేసుకున్నాను. అవి ఎందుకున్నాయో మాత్రం జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఒక భర్త సాక్ష్యం విన్నాక తెలిసింది.

చనిపోయినామెకు 32 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. "మీ భార్య ఏం పని చేసేది?" అని బీమా కంపెనీ ప్లీడరుగారు అడిగారు. "ఏమీ లేదండి, ఇంట్లోనే ఉండేది" అన్నాడు భర్త. క్రాస్ ఎగ్జామినేషన్ అయిపోయింది. అప్పుడు జడ్జిగారు అడిగారు.

"గేదెలున్నాయా మీకు?"

"రెండుండేవండి."

"పాలెవరు తీసేవాళ్లు?"

"తనేనండి. ఇప్పుడు ఒకదాన్ని అమ్మేశాను. పిల్లలకి వండిపెట్టేసరికే పొద్దెక్కిపోతోంది."

పాలకేంద్రం పుస్తకం తెమ్మని వాయిదా వేశారు. పూటపూటకీ పోసిన లీటర్లు, వెన్న శాతం రాసిన ఆ నలిగిన పుస్తకం ఎగ్జిబిట్‌గా మార్కయింది.

ఇవాళ్టి లెక్కలో చూడండి. ఆమె పనికి నెలకు 3,000 రూపాయలు కడితే, సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం భవిష్యత్తు పెంపు 40 శాతం కలిపి, సొంత ఖర్చు కింద మూడోవంతు తీసేసి, ఏడాది మొత్తాన్ని సరళా వర్మ పట్టికలో ఆ వయసుకున్న 16తో హెచ్చిస్తే 5,37,600 వస్తుంది. 9,000 కడితే 16,12,800. ఒక్క జవాబు మీద ఇంత తేడా! న్యాయమని తోచిన పరిహారం ఇమ్మంటుంది 168వ సెక్షన్. అడిగినదానికన్నా ఎక్కువైనా ఇవ్వొచ్చని నాగప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో కీర్తి కేసులో జస్టిస్ రమణగారు గృహిణి శ్రమ గురించి విడిగా రాస్తూ ఒక సర్వే లెక్క ఉదహరించారు: జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు 97. ఆ పేరా ప్రతి జూనియర్ చేతా చదివిస్తాను.

ఇప్పుడు నా దగ్గరికొచ్చినవాళ్లను ముందు ఆదాయం అడగను. ఆవిడ ఎన్నింటికి లేచేది, నీళ్లెవరు పట్టేవాళ్లు, అత్తగారికి మాత్రలెవరు ఇచ్చేవాళ్లు అని అడుగుతాను. "అవన్నీ ఎందుకండీ" అంటారు. అన్నీ అఫిడవిట్‌లో రాయిస్తాను. డ్వాక్రా పొదుపు పుస్తకమో, కుట్టుమిషన్ రసీదో దొరికితే జతచేస్తాను. క్రాస్‌లో "ఇవన్నీ ఇంటిపనులే కదా" అని అడిగితే, "అవునండి, ఇంటిపనులే" అని గట్టిగా చెప్పమంటాను.