సంశయము, నిర్ణయము: బేస్‌బాల్ అంపైరు అనుభవము

న్యాయదర్శనము పేర్కొన్న 16 పదార్థాలలో సంశయము ఒకటి, నిర్ణయము మరొకటి. పక్ష ప్రతిపక్షాలను విమర్శించి విషయమును నిశ్చయించుటయే నిర్ణయమని ఆ శాస్త్రము బోధిస్తుంది. అట్టి విమర్శకు పండితునికి మాసములు లభించవచ్చు. బేస్‌బాల్ అంపైరుకు లభించేది ఒక్క క్షణము.

అమెరికాలో మా ఊరి బాలుర లీగులో కొన్ని వేసవులుగా అంపైరుగా నిలుస్తున్నాను. ఇది వేతనము లేని సేవ. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్టులో లిటిల్ లీగ్ ఆరంభమైన నాటి నుండి పిల్లల బేస్‌బాల్ ఇట్టి స్వచ్ఛంద సేవకుల ఆధారముతోనే విస్తరించింది.

ఈ క్రీడలో బ్యాటర్ ఇంటర్‌ఫియరెన్స్ అనే నియమము ఉన్నది. రన్నర్ తరువాతి బేస్‌ను దొంగిలించుటకు పరుగెత్తుతాడు. క్యాచర్ లేచి బంతి విసరబోతాడు. అప్పుడు బ్యాటర్ తన బాక్సు దాటి వచ్చి ఆ విసురుకు అడ్డు తగిలితే, సాధారణముగా అతడే అవుట్; రన్నర్ వెనుకటి బేస్‌కు మరలవలసినదే. అయితే అడ్డు తగిలినప్పటికీ ఆ విసురుతోనే రన్నర్ అవుట్ అయితే అవరోధమును లెక్కింపరు. కనుక అంపైరు అవరోధమును వేలితో సూచించి, విసురు ఫలితము తేలేవరకు వేచియుండాలి. బాక్సు దాటి అడ్డు వచ్చినవాని సంకల్పమును ఈ నియమము విచారించదు. క్రియను మాత్రమే చూస్తుంది.

చూచుట కూడ సులభము కాదు. 1975 అక్టోబరు 14న వరల్డ్ సిరీస్ మూడవ ఆటలో, 10వ ఇన్నింగ్స్‌లో, సిన్సినాటి ఆటగాడు ఎడ్ ఆర్మ్‌బ్రిస్టర్ బంట్ చేసి బోస్టన్ క్యాచర్ కార్ల్‌టన్ ఫిస్క్‌తో ఢీకొన్నాడు. బంతిని కొట్టిన తరువాతి అవరోధమునకు నియమము వేరైనా ప్రశ్న అదే. అంపైరు లారీ బార్నెట్ అవరోధము లేదన్నాడు. ఫిస్క్ విసురు గురి తప్పింది. అదే ఇన్నింగ్స్‌లో సిన్సినాటి 6-5తో గెలిచింది. వేల కన్నులు చూచిన ఆ దృశ్యముపై వాదము నేటికీ సమసిపోలేదు.

గత వేసవిలో మా మైదానమున చివరి ఇన్నింగ్స్ జరుగుతున్నది. ఒక్క పరుగు తేడా, ఇద్దరు అవుట్, రెండవ బేస్‌పై రన్నర్. అతడు మూడవ బేస్‌కు పరుగు తీశాడు. బ్యాటింగ్ చేస్తున్న బాలుడు బంతిని కొట్టబోయి, తప్పి, తూలి ప్లేటు మీదికి వచ్చాడు. క్యాచర్ భుజము అతనికి తగిలింది, బంతి ఎడమ మైదానములోకి పోయింది, రన్నర్ హోమ్ చేరాడు. స్కోరు సమమైనదని వారి జట్టు ఎగిరి గంతులు వేసింది. నా వేలు అప్పటికే బ్యాటరును చూపుతున్నది. బ్యాటర్ అవుట్ అన్నాను. ఆట ముగిసింది.

ఆ బాలుడు మా మిత్రుని కుమారుడు. తండ్రి గేటు వద్ద ఆగి, "అన్నగారూ, మావాడు కావాలని చేశాడంటారా?" అన్నాడు.

"కావాలని చేశాడని నేననలేదు తమ్ముడూ. అడ్డు వచ్చాడన్నాను, అంతే."

"పన్నెండేళ్ల పిల్లవాడికి ఆ రెండూ ఒకటే కదండీ."

నాకు సమాధానము తోచలేదు. నియమమును తప్పుగా అన్వయిస్తే జట్టు అభ్యంతరము చెప్పవచ్చు. కంటితో చూచి చేసిన నిర్ణయమునకు మైదానములో అప్పీలు లేదు. నా నిర్ణయమును మార్చే అవసరమూ నాకు కనబడలేదు. కాని క్రియకు, కర్త సంకల్పమునకు మధ్య శాస్త్రము గీచిన గీత, ఏడుస్తున్న పిల్లవానికి కనబడదు.

బెంచీపై అతని ప్రక్కన కూర్చున్నాను. "అవుట్ అంటే తప్పు చేశావని కాదు నాన్నా" అన్నాను. అతడు తల యెత్తకుండా, "అయితే నేను చీటింగ్ చేయలేదని మా టీముకు మీరే చెప్పండి అంకుల్" అన్నాడు.

అతని అంతరంగము నాకు ప్రత్యక్షము కాదు. కాని అతని పాదము జారుట ప్రత్యక్షమే. జట్టును పిలిచి ఆ సంగతే చెప్పాను: "ఇతడు తూలిపడుట నేను చూశాను. అడ్డు తగిలినందున అవుట్ ఇచ్చాను." పిల్లలలో ఒకడు వచ్చి అతని హెల్మెట్‌పై తట్టాడు. తండ్రి ఏమీ అనలేదు. మరుసటి వారము ఆటకు ఇద్దరూ వచ్చారు.

ఇప్పుడు ఇట్టి నిర్ణయము ఇచ్చిన ప్రతిసారీ, ఇన్నింగ్స్ ముగిశాక ఆ పిల్లవానికి నేను చూచినదేమిటో రెండు మాటలలో చెబుతున్నాను. చూడనిదానిని గురించి మాత్రము ఏమీ అనను.