ఏదిరా, ఎక్కడ?

సాయంత్రమైతే డాబా ఎక్కి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కోసం కాపు కాయడం నాకో పిచ్చి. మన ఊరి అక్షాంశ రేఖాంశాలిస్తే అది ఏ నిమిషానికి, ఏ దిక్కున వస్తుందో కంప్యూటర్ చెప్పేస్తుంది. వారం దాటిన లెక్కని మాత్రం నేను నమ్మను. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులోనూ పలచటి గాలి ఉంటుంది, దాని రాపిడికి కక్ష్య కొద్దికొద్దిగా దిగుతుంటుంది. మనకి చీకటి పడ్డా అక్కడింకా ఎండే. ఆ ఎండకే మెరుస్తుంది, విమానంలా మిణుకుమనదు.

2024లో సునీతా విలియమ్స్ అందులో ఉన్నారని విని, మోకాళ్ల నొప్పులతోనే అమ్మ కూడా మెట్లెక్కింది. 'అదిగో, కొబ్బరిచెట్టు మీదుగా!' అని నేను చూపిస్తూనే ఉన్నాను. 'ఏదిరా?' అని తను అడుగుతూనే ఉంది. శుక్రుడంత వెలుగు! దిగేటప్పుడు నెమ్మదిగా చెప్పింది, 'ఏడాదిగా చుక్కలే కనబడట్లేదురా. మబ్బులనుకున్నా.'

ఏడాది పాటు మబ్బులా! ఒకే ఇంట్లో ఉండి నేనేం చూస్తున్నట్టు?

రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్లయ్యాక, 2025 ఫిబ్రవరిలో ఓ తెల్లవారుజామున తనే నన్ను లేపింది. 'లేవరా, ఇంకా పది నిమిషాలే!' వేకువ పూట అది ఒక్కోసారి భూమి నీడ దాటి నడి ఆకాశంలో ఉన్నట్టుండి వెలుగుతుంది. నేను కళ్లద్దాలు వెతుక్కునేలోగా అమ్మ పైకి చూస్తూ చెయ్యి ఊపేస్తోంది, సునీతమ్మకి.